చేపలింటి కోడలు

ఆ రోజు పొద్దున్నే సోములమ్మ అడిగిన మొదటి ప్రశ్న, తిమింగలం నిద్రపోతుందా అని.

వాకిట్లో టార్పాలిన్ మీద ఎండబెట్టిన కాఫీ పళ్ళను కాలితో తిరగేస్తున్న ఫల్గుణ విననట్టే ఊరుకున్నాడు. కూతురు రాజకుమారి సెలవులకి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ తన తల్లి సోములమ్మకి ఇదే వరస. నిన్న అది ఏం తింటుందని అడిగింది. మొన్న దానికి చెవులుంటాయా అంది. అరకు సంత దాటి కిందికి దిగని మనిషి, సముద్రమంటే పక్క ఊరన్నంత చనువుగా మాట్లాడుతోంది.

"సగం మెదడు నిద్రపోతుంది మామ్మా, సగం మెలకువగా ఉంటుంది," అంది రాజకుమారి, జడ అల్లుకుంటూ.

"అయితే నాలాగే," అంది సోములమ్మ తృప్తిగా.

ఇంకా ఆ కొండ ఊళ్ళకి సెల్‌ఫోన్లు ఎక్కని రోజులు. రాజకుమారి విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి జువాలజీ డిగ్రీ చదువుతోంది. వాళ్ళ కాలేజీ వాళ్ళు ఒక మరబోటు మాట్లాడి పిల్లల్ని సముద్రం లోపలికి తీసుకెళ్తున్నారు. అదృష్టం ఉంటే తిమింగలం కనపడుతుంది, లేకపోతే నీళ్ళు చూసి రావడమే. ఒక్కొక్కరితో ఇంట్లోంచి ఒకరు రావచ్చన్నారు. ఆ ఒకరూ తనేనని ఫల్గుణ అనుకున్నాడు. అనుకుని ఊరుకోకుండా సంతలో కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

సోములమ్మ మాత్రం ఎవరినీ అడక్కుండానే ప్రయాణం కట్టేసింది.

వాళ్ళది చేప గోత్రం. ఆ కొండల్లో పులి గోత్రం వాళ్ళున్నారు, పాము గోత్రం వాళ్ళున్నారు. ఎవరి గోత్రపు జీవిని వాళ్ళు చుట్టంలా చూసుకుంటారు. ఫల్గుణ ఇంటి పొయ్యి మీద ఎన్నడూ చేప ఉడకలేదు. నీళ్ళలో అన్నిటికన్నా పెద్దదాన్ని చూడబోతున్నారని తెలియగానే, అది మన ఇంటి పెద్దే కదా అనుకుంది సోములమ్మ. పెద్దని చూడ్డానికి ఒట్టి చేతులతో వెళ్తారా ఎవరైనా? అందుకే కోడలు రత్నాలుని పక్కన కూర్చోబెట్టుకుని అడ్డాకుల్లో సామబియ్యం, పసుపుకొమ్ములు మూట కట్టిస్తోంది.

ఫల్గుణ ఇక పట్టలేకపోయాడు. "ఏటి సేత్తన్నావమ్మా?"

"కనపడతల్లేదేటి? ఎల్లుండి రైలుకి బేగి బయల్దేరాల."

"నువ్వెక్కడికి? ఎల్లేది నేను."

"నువ్వెందుకురా? ఇంటికి పెద్దదాన్ని నానుండగా."

"బోటు ఊగుతాది. కక్కుకుంటావు."

"కమాండర్ జీపు వెనకాల ఏలాడుతూ సంతకి ఎల్లొచ్చినదాన్ని. మేకపోతులు కక్కినాయి గానీ నాను కక్కనేదు."

రత్నాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భార్య నవ్వడం చూసేసరికి ఫల్గుణకి ఒళ్ళు మండింది. సంతలో చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చాయి. రేపు వాళ్ళ ముందు మొహం ఎలా ఎత్తుకోవాలి?

"ఒంట్లో సత్తువ నేదు, కళ్ళు సరిగా ఆనవు. సంద్రంలో ఏదైనా అయితే ఎవడు పూచీ? నువ్వు ఎల్లడానికి నేదమ్మా, అంతే."

"ఎల్తాను," అంది సోములమ్మ. గొంతు పెంచలేదు. మూట ముడి బిగించింది.

"ఎవరి కోసమమ్మా ఈ మూటలు? అది అసలు సేపే కాదు. నీ మనవరాలే సెప్పింది. మామ్మకి సెప్పొద్దు నాన్నా, బాధపడుతుందని కూడా అంది."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. రాజకుమారి జడ వదిలేసి తండ్రి వైపు చూసింది. ఆ చూపుకి ఫల్గుణ తల దించుకుని మళ్ళీ కాఫీ పళ్ళ మీద కాలు పెట్టాడు.

సోములమ్మ చేతులు ముడి మీదే ఆగిపోయాయి. వాకిట్లో కోడిపిల్లలు మూట చుట్టూ తిరుగుతుంటే అదిలించను కూడా లేదు.

"సేప కాదా గుంటా?" అని చివరికి అడిగింది.

"కాదు మామ్మా."

"నాను పులి గోత్రం పిల్లని," అంది సోములమ్మ, ఎవరితోనో చెబుతున్నట్టు. "పెదబయలు అవతల మా ఊరు. ఇంటి ఎనకాలే గెడ్డ పారేది. మా అయ్య బుట్ట పెట్టి సేపలు పట్టేవోడు. సేప నేకుండా నాకు ముద్ద దిగేది కాదు. పెళ్ళినాడు మీ తాత వోళ్ళు నా సేతుల మీద నీళ్ళు పోసి, ఇకనించి సేప మన సుట్టమమ్మా, తినకూడదు అన్నారు. సరే అన్నాను. ఆ గెడ్డలోనే నోరు కడుక్కుని వచ్చీసినాను."

కొడుకు వైపు తిరిగింది. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఏటి తిన్నా నిలిసేది కాదురా. ఒక్క సేప ముక్క ఉంటే బాగుణ్ణనిపించేది. మా తమ్ముడు గాసి, ఆకులో సుట్టి కాల్సిన సేప దాసిపెట్టి తెచ్చినాడు. వాసన సూసినాను. సూసి, పట్టుకుపోరా అన్నాను. వాడు ఏడుసుకుంటూ ఎల్లినాడు. ఇన్నేళ్ళు ఎవరి కోసం నోరు కట్టుకున్నానో, ఆ పెద్దాయన్ని ఒక్కసారి సూడాలనుకున్నాను. అంతే."

ఫల్గుణ ఎన్నడూ ఈ మాట వినలేదు. ఇంట్లో చేప వండరని తెలుసు. అది తనకి కష్టం కాలేదు, తనెప్పుడూ రుచే ఎరగడు. తల్లి రుచి ఎరిగి మానేసిందని అతనికి ఎప్పుడూ తట్టలేదు.

రాజకుమారి వచ్చి మామ్మ మోకాళ్ళ దగ్గర కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

సోములమ్మ ఆ పిల్ల తల నిమురుతూ, అంత బాధలోనూ అడిగింది. "సేప కాకపోతే మరేటది?"

"బిడ్డని కంటుంది మామ్మా, గుడ్లు పెట్టదు. పాలిస్తుంది. మనలాగే."

"పాలిత్తాదా? నీళ్ళలోనే?"

"నీళ్ళలోనే. మా మేడం చెప్పారు, ఎప్పుడో దాని పూర్వీకులు నేల మీదే తిరిగేవట. నాలుగు కాళ్ళుండేవట. తర్వాత నీళ్ళలోకి వెళ్ళి అక్కడే ఉండిపోయాయి. కానీ ఇప్పటికీ నీళ్ళలో ఊపిరాడదు. ఊపిరి కోసం మాటిమాటికీ పైకి వస్తుంది. అలా వచ్చినప్పుడే మనకి కనపడేది."

సోములమ్మ కళ్ళు చిట్లించి ఆలోచించింది. ఒళ్ళో ఉన్న మూటని ఇటూ అటూ తిప్పింది. మెల్లగా ఆమె మొహం విప్పారింది.

"అయితే కోడలే," అంది.

"ఎవరు మామ్మా?"

"అదేనే. పుట్టిల్లు నేల మీద. కాపురం సేపలింట్లో. ఆళ్ళ నీళ్ళలో ఉండి, ఆళ్ళలాగే ఈదుతాది. ఊపిరాడక పైకొచ్చి, పుట్టింటి గాలి ఒకసారి పీల్చుకుని పోతాది." నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇంటి పెద్ద కాదు, నాలాటిదే. అయితే నాను మరీ ఎల్లాల. నేల మీంచి దాన్ని సూడ్డానికి ఎవులెల్లారు ఇన్నాళ్ళూ? పుట్టింటోళ్ళు రాకపోతే ఆడదానికి ఎంత దిగులో నాకు తెల్దేటి?"

ఆమె దెప్పలేదు. ఎవరినీ ఏమీ అనలేదు. కానీ ఆ మాట ఫల్గుణకే తగిలింది.

గాసి మావ బతికున్నన్నాళ్ళూ ఏటా వచ్చి అక్కని తీసుకెళ్ళేవాడు. మావ పోయాక ఎవరూ రాలేదు. తల్లి ఎన్నడూ అడగలేదు. తీసుకెళ్ళాల్సింది పుట్టింటి వాళ్ళే కదా అని తనూ ఊరుకున్నాడు. అడవి దారిన జీపులో ఒక పూట ప్రయాణం. ఇన్నేళ్ళలో ఆ ఒక్క పూట తనకి దొరకలేదు. ఊపిరి పీల్చుకోవడానికి తల్లికి ఉన్న ఒక్క దారినీ తనే మూసేశాడు.

అతను టార్పాలిన్ దాటి వచ్చి తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏడుస్తూ ఆవిడ పాదాలు పట్టుకున్నాడు.

"ఏటిరా ఇది? సరే, నువ్వే ఎల్దువు, ఏడవకు," అంది సోములమ్మ కంగారుపడి.

"నువ్వే ఎల్లమ్మా. సంతలో ఎవడైనా అడిగితే మా అమ్మ ఎల్లిందని సెప్తాను." చేత్తో మొహం తుడుచుకుని భార్య వైపు తిరిగాడు. "రత్నాలూ, ఇంకో మూట కట్టు. ఆ అరటిపళ్ళు కూడా పెట్టు."

"ఇంకోటి ఎవరికి?" అంది రత్నాలు.

"పెదబయలుకి. రేపు అమ్మని పుట్టింటికి తీసుకెల్తాను. ఎల్లుండికల్లా రైలెక్కిస్తాను. దూరంగా ఉన్న కోడల్ని సూడబోయే ముందు, మనింటి కోడలు పుట్టిల్లు సూసి రావాల కదా."

సోములమ్మ కొడుకు మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ గెడ్డ నీళ్ళ చప్పుడు అప్పుడే చెవిన పడినట్టు తల కొంచెం పక్కకి వంచింది. తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.

"అయితే ఈ ఆకులు సాలవు," అంది. "బేగి ఎల్లి అడ్డాకులు కోసుకు రా."