కాసులమ్మ గొంతు

బోర్డు వేడి నూట ముప్పై డిగ్రీలు దాటింది. డాక్టర్ వకుళ కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "ఇంకో పది నిమిషాలు పడుతుంది" అంది.

ఎల్లాజీ ఆమె ముఖంలోకే చూస్తూ తలూపాడు. ల్యాబ్ అద్దం తలుపు అవతల బెంచీ మీద అతని భార్య కాసులమ్మ కూర్చుని ఉంది.

అగ్గిపెట్టంత ఆ బోర్డు కాసులమ్మ మెడకు కట్టుకునే గొంతుపెట్టెలోది. ఆరేళ్ల కిందట ఆపరేషన్‌లో ఆమె స్వరపేటిక తీసేశారు. అంతకు ముందే ఆమె మాటలు రికార్డు చేసి, ఒక చిప్‌లో దాచారు. ఆమె పెదాలు కదిపితే చాలు, మెడ కండరాల కదలికను పట్టి పెట్టె ఆమె గొంతుతోనే పలికేది. హార్బర్‌లో చేపల బుట్ట ముందు ఆమె కేకేస్తే వీధి చివరికి వినిపించేది. ఉప్పుగాలికి బోర్డు పాడైంది. తయారు చేసిన కంపెనీ ఇప్పుడు లేదు. పాత రికార్డులూ లేవు. చిప్‌ను ఊడదీసి కొత్త బోర్డుకు అతికించాలి.

ఊడదీయడమే గండం. చిప్ అడుగుభాగాన్ని గ్రౌండ్ ప్లేన్‌కు టంకం పెట్టేశారు. గ్రౌండ్ ప్లేన్ అంటే బోర్డు లోపల పొరలా పరిచిన రాగిరేకు. పైనుంచి ఎంత వేడి పెట్టినా ఆ రేకు లాగేసుకుంటుంది. గంగాళం చన్నీళ్లలో గ్లాసుడు మరుగునీళ్లు పోస్తే ఏమవుతుంది? అంతే. టంకం కరగదు. పంతానికి పోయి వేడి పెంచితే చిప్ మాడిపోతుంది.

వకుళ కనిపెట్టిన పీఠం మొదట ఆ గంగాళాన్నే, అంటే రాగిరేకునే, వెచ్చబెడుతుంది. పీఠంలో వందలాది బుల్లి హీటర్లున్నాయి. రాగి ఎక్కడ ఎంత వేడి తాగుతోందో కనిపెట్టి అక్కడ అంతే అందిస్తాయి. ఆ తర్వాత పైనుంచి కాస్త వేడిగాలి చాలు. పాత బోర్డుల మీద బాగానే పనిచేసింది. మనిషి గొంతున్న చిప్ మీద ఇదే మొదటిసారి.

వకుళ స్క్రీన్ వైపు తిరిగి, "ఆవిడ గొంతంటే మీకు చాలా ఇష్టమనుకుంటాను" అంది.

జవాబు రాలేదు. తిరిగి చూసింది. ఎల్లాజీ కంగారు పడ్డాడు.

"ఏటన్నారమ్మా? ఇటు తిరిగి సెప్పండి." అద్దం తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నాకు ఇనబడదమ్మా. ముప్పై ఏళ్లు బోటు ఇంజను పక్కనే కదా. నాలుగేళ్లయింది. పెదాలు సూసి పోల్చుకుంటాను. దానికి మాత్రం సెప్పలేదు."

"ఎందుకు?"

"ఇనబడదని తెలిస్తే నాతో మాటాడ్డం మానేత్తాది. అది మాటల మనిషమ్మా. మూడు వారాలై మూగగా కూకుంటే సూడలేకపోతన్నాను."

పీఠం సన్నగా మోగింది. వకుళ వేడిగాలి గొట్టం కిందికి దించింది. టంకం అంచులు మసకగా ఉండి, ఉన్నట్టుండి అద్దంలా మెరిశాయి. ఊపిరి బిగబట్టి పట్టకారుతో ఎత్తింది. చిప్ బరువే లేనట్టు లేచి వచ్చింది. ఎల్లాజీ రెండు చేతులూ జోడించాడు, ఎవరికో తెలియదు.

గంట తర్వాత కాసులమ్మ మెడకు పెట్టె కట్టారు. పెదాలు కదిపింది.

"ఒలమ్మా, నా గొంతే!" అని పెట్టె ఖంగుమంది.

ఆమె పెదాల మీంచి చూపు తిప్పని ఎల్లాజీ కళ్లు తుడుచుకున్నాడు. "అదే గొంతు. ఇసుమంతైనా మారనేదు!"

ల్యాబ్ నిబంధన ప్రకారం, స్వరం పాతదేనని దగ్గరి బంధువు సంతకం చేయాలి. వకుళ ఒక్క క్షణం తటపటాయించి కాగితం జరిపింది. ఎల్లాజీ బల్ల మీద వంగి ఒక్కో అక్షరం దిద్దసాగాడు.

అతని వెనక నిలబడిన కాసులమ్మ వకుళ వైపు చూసి, తీరుబడిగా చెప్పింది.

"ఆయనకి ఇనబడదని నాకు తెలుసు డాక్టరమ్మా. ఎప్పుడో తెలుసు. అందుకే ఎదురుగా నిలబడే మాటాడతాను. నాకు తెలుసని మీరు సెప్పీకండి, సిన్నబోతాడు."

వకుళ తలూపింది.

ఎల్లాజీ సంతకం పూర్తిచేసి తలెత్తాడు. వకుళ ముఖం చూసి అనుమానపడి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏటంటందమ్మా?"

"గొంతు బాగా కుదిరిందంటున్నారు" అంది వకుళ.

"మరి నేను సెప్పలేదేటి!" అన్నాడు ఎల్లాజీ గర్వంగా.