తెలుగువాళ్ళు లేని దీవి

"ఒక్క తెలుగు మనిషి కూడా కనబడని చోటు ఏదైనా ఉందా?" అని ఇంగ్లీషులో అడిగాడతను.

కీబోర్డు మీద రుచిత వేళ్ళు ఆగిపోయాయి. పొద్దుటి నుంచీ హామిల్టన్‌లో వాన వదలడం లేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి జాకెట్ నుంచి నీళ్ళు కారి ట్రావెల్ ఏజెన్సీ కార్పెట్ మీద మడుగు కడుతున్నాయి. కాళ్ళకి గమ్‌బూట్లు, వాటికి పచ్చిగడ్డి. అతనితోపాటు ఆవుల షెడ్డు వాసన కూడా లోపలికొచ్చింది.

"ఎందుకండీ? తెలుగోళ్ళు ఏం చేసిన్రు మిమ్మల్ని?" అంది రుచిత తెలుగులో.

అతని ముఖం చూడాలి. తలుపు వైపు ఒకసారి, ఆమె బ్యాడ్జి వైపు ఒకసారి చూశాడు. బ్యాడ్జి మీద 'రుచి' అని మాత్రమే ఉంది. మూడక్షరాలు పలకలేక మేనేజర్ కత్తిరించిన పేరు అది.

"సారీ అండీ. మీరు పంజాబీ అనుకున్నాను."

"హన్మకొండ."

"మాది అమలాపురం. అంటే, చిన్నప్పుడు. ఇప్పుడు ఇక్కడే, రోటోటూనాలో. నా పేరు అభినయ్."

"మీరు కూడా తెలుగే కదా. మీరు పోయిన్రంటే అక్కడ ఒక తెలుగాయన ఉన్నట్టే."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాలు పితికే మెషిన్ల సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనట. ఏదో ఫార్మ్ నుంచి తిన్నగా వచ్చాడట.

"ఎంతమంది?"

"ఇద్దరు."

"అకేషన్?"

అతను గొంతు తగ్గించాడు. "హనీమూన్."

రుచిత లోపల ఏదో చిన్నగా జారింది. పరిచయమై పట్టుమని పది నిమిషాలు కాలేదు, ఇందులో జారడానికి ఏముందో ఆమెకే అర్థం కాలేదు.

"ఫీజీ?"

"మా తెలుగు అసోసియేషన్ సగం అక్కడే ఉంటుంది."

"బాలి?"

"మిగతా సగం."

"సింగపూర్?"

"సింగపూర్‌లో నన్నే కాదు, మా కుక్కని కూడా గుర్తుపడతారు."

రుచితకి నవ్వొచ్చింది. పట్టుదల కూడా వచ్చింది. మ్యాప్‌ని ఇటు తిప్పి అటు తిప్పి, చివరికి కరీబియన్ సముద్రంలో ఆవగింజంత చుక్క దగ్గర ఆపింది. సెయింట్ బార్ట్స్. ఫ్రెంచివాళ్ళ దీవి. ఎర్రటి పైకప్పుల ఇళ్ళు, తెల్లటి ఇసుక, రేవునిండా డబ్బున్నవాళ్ళ పడవలు. పెద్ద విమానం దిగడానికి చోటే లేదు. పక్క దీవిలో దిగి, చిన్న విమానం ఎక్కాలి.

"రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతయి. కానీ మే నెలలో పోతే కొంచెం నయం, జనం కూడా ఉండరు. తెలుగోళ్ళు ఉండరని రాసివ్వను గానీ, ఉంటే నేను ఆశ్చర్యపోతా."

అభినయ్ ఆ చుక్క మీద వేలు పెట్టాడు. "ఇదే," అన్నాడు.

*

దాని తర్వాత అతను ఊరికే రావడం మొదలుపెట్టాడు. వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న.

"బీచ్‌కి మెట్లు దిగాలా? ఎక్కువ మెట్లుంటే కష్టం."

"గదిలో మంచానికి రెండువైపులా రీడింగ్ లైట్లుంటాయా?"

"అక్కడ పెరుగు దొరుకుతుందా? తియ్యటిది కాదు. మామూలు పెరుగు."

రుచిత హోటల్ వాళ్ళకి ఈమెయిల్ పెట్టింది. పెరుగు గురించి ఫ్రాన్స్ దేశస్థులతో అంత గంభీరంగా మాట్లాడిన మొదటి తెలుగమ్మాయి తనేనేమో అనుకుంది.

సాయంత్రం ఫ్లాట్‌లో స్పందనకి ఇవన్నీ చెప్పడం అలవాటైంది. స్పందన, రుచిత ఆ ఫ్లాట్‌ని పంచుకుని ఉంటున్నారు.

"మోకాళ్ళ నొప్పి, పెరుగన్నం, రాత్రిళ్ళు పుస్తకాలు," అంది స్పందన వేళ్ళు మడుస్తూ. "ఇదేం పెళ్ళికూతురే?"

"నాకూ అదే తెల్వాలె. పేరు అడిగితే చెప్పడు, ఫొటో చూపియ్యడు. టికెట్లు తీసేటప్పుడు చెప్తా అంటడు."

"నీకు ఆమె గురించి తెల్సుకోవాలని ఉందా, అతని గురించా?"

"నోర్ముయ్," అంది రుచిత. కానీ ఆ ప్రశ్న అన్నం తింటున్నంతసేపూ కంచం పక్కనే కూర్చుంది.

ఒకరోజు ఆ దీవిలో విమానం దిగే వీడియో చూపించమన్నాడు. ఇద్దరూ ఒకే స్క్రీన్ మీదికి వంగారు. చిన్న విమానం కొండ మీద రోడ్డుని, కార్లని దాదాపు రాసుకుంటూ వచ్చి, ముక్కు కిందికి పెట్టి పొట్టి రన్‌వే మీద వాలింది. రన్‌వే చివర సముద్రం. అభినయ్ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్నది కుర్చీ చేతినా, దాని మీదున్న రుచిత చేతినా అన్నది ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"సారీ."

"పర్వాలేదు. అందరూ భయపడ్తరు."

"మీరు వెళ్ళారా ఇలాంటి చోట్లకి?"

"నేనా? నేను ఎక్కడికీ పోలే. జనాల్ని పంపిస్తా, అంతే."

"మీకెక్కడికి వెళ్ళాలనుంది?"

రోజూ అందరినీ తను అడిగే ప్రశ్న అది. తనని మాత్రం ఎవరూ అడగలేదు. రుచిత జవాబు కోసం వెతుక్కుంటుంటే అతను తొందరపెట్టలేదు. పెన్ను కొరుకుతున్న ఆమెని చూస్తూ, ఎంతసేపైనా ఫర్వాలేదన్నట్టు కూర్చున్నాడు.

ఆ చూపే ఆమెని భయపెట్టింది. హనీమూన్ బుక్ చేసుకోవడానికొచ్చినవాడు ట్రావెల్ ఏజెంటుని అలా చూడకూడదు. చూస్తే ఏజెంటుకి అంత బాగుండకూడదు.

అతను మళ్ళీ వచ్చేసరికి రుచిత నిలబడే మాట్లాడింది.

"మీ బుకింగ్ ఇకనుంచి మా మేనేజర్ చూస్తరండీ."

అభినయ్ చేతిలో రెండు కాఫీ కప్పులున్నాయి. "నేనేమైనా తప్పు చేశానా?"

"తప్పేం లేదు. ఇన్ని ప్రశ్నలు మీరొక్కరే మోస్కొస్తున్నరు. వెళ్ళే ఆమెనే తీస్కరండి. ఆమెకేం కావాల్నో ఆమెనే అడుగుతరు."

"తను రాదండీ. భయం."

"ఎవరంటే?"

"మీరంటే. అంటే... తెలుగువాళ్ళంటే."

రుచితకి కోపమొచ్చింది. ఎందుకో పూర్తిగా తెలియని కోపం. "అంత దాచుకునే పెళ్ళయితే ఎందుకండీ చేసుకునుడు?"

అతని ముఖం మాడిపోయింది. ఒక కాఫీ ఆమె బల్ల మీద పెట్టి, వానలోకి వెళ్ళిపోయాడు.

*

తర్వాతి శనివారం ఒకావిడ వచ్చింది. నేత చీర, దాని మీద పఫర్ జాకెట్, గుమ్మంలో పద్ధతిగా దులిపిన గొడుగు. అరవైకి దగ్గర పడుతున్న వయసు. ఆసుపత్రిలో వార్డు నర్సునని చెప్పింది. కూర్చునేటప్పుడు మోకాలు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది.

"నా పేరు వేదవతి. మా అబ్బాయి అభినయ్ ఇక్కడొక ట్రిప్పు ప్లాన్ చేశాడటమ్మా. అది క్యాన్సిల్ చేయాలి."

రుచితకి ఒక్క క్షణం సంతోషమేసింది, వెంటనే దానికి సిగ్గుపడింది. "ఏమైంది ఆంటీ? అమ్మాయి మీకు నచ్చలేదా?"

"ఏ అమ్మాయి?"

"అదే... పెళ్ళికూతురు."

వేదవతి గొడుగు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది.

"పెళ్ళికూతుర్ని నేనేనమ్మా."

ప్రింటర్ ఏదో కాగితం బయటికి తోసింది. రుచిత దాన్ని తీయడం మర్చిపోయింది.

వేదవతి మెల్లగా చెప్పింది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. రోజూ పొద్దున్నే చెరువు చుట్టూ నడిచేటప్పుడు కృష్ణారావుగారు పరిచయమయ్యారు. యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి, ఆయన భార్య కూడా లేరు. మొదట్లో ఒకరికొకరు గుడ్ మార్నింగ్ చెప్పుకునేవాళ్ళు. చలికాలం వచ్చాక ఆయన ఫ్లాస్కులో టీ తెచ్చేవారు. ఒకరోజు ఆయన రాలేదు, జ్వరం. ఆ రోజు వేదవతికి ఆ చెరువు చుట్టూ నడక ఎప్పటికీ తెమలనంత పొడుగ్గా అనిపించింది.

"హాబ్సన్‌విల్‌లో ఉండే ఆయన కూతురు నిహారిక సంతోషంగా ఒప్పుకుంది. మావాడు నాకంటే ముందే ఒప్పుకున్నాడు. నేనే, ఎవరికీ తెలియకుండా రిజిస్టర్ చేసుకుని ఎటైనా వెళ్ళొద్దామన్నాను. నువ్వు తెలుగమ్మాయివని నీకు కూడా చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

"మరి ఇప్పుడేమైంది?"

"మా వీధిలో రాజ్యంగారని ఉన్నారు. మమ్మల్ని చూశారు. 'ఈ వయసులో ఏమిటిది వదినా' అన్నారు. అంతే. ఇక నా వల్ల కాదమ్మా. ట్రిప్పే కాదు, పెళ్ళీ వద్దు."

రుచితకి పెద్దవాళ్ళకి నచ్చజెప్పడం రాదు. తెలిసింది ఒక్కటే, అడగడం.

"క్యాన్సిల్ చేస్త ఆంటీ. ఒకటి చెప్పండి. పెరుగు ఎవరికి?"

"ఆయనకి. పెరుగు లేకపోతే ఆయనకి భోజనం ముగిసినట్టుండదు."

"చదువుకునే లైటు?"

"ఆయనకే. రాత్రి చదవందే నిద్రపోరుట. నాకేమో వెలుగుంటే నిద్ర పట్టదు. రెండు లైట్లుంటే నా వైపుది ఆర్పేసుకోవచ్చని..." ఆవిడ మాట మధ్యలో ఆగింది. "ఇవన్నీ నీకెలా తెలుసు?"

"మీ అబ్బాయి అడిగిండు. మీ మోకాళ్ళ గురించి కూడా. ఇక్కడ ఎంతోమందికి హనీమూన్ బుక్ చేసిన ఆంటీ. వ్యూ అడుగుతరు, స్పా అడుగుతరు. ఎన్ని మెట్లు దిగాలె అని ఇప్పటిదాక ఎవరూ అడగలే."

వేదవతి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. "ఆ చోటు ఎలా ఉంటుంది?" అంది.

రుచిత స్క్రీన్ ఆమె వైపు తిప్పింది. కొండ మీంచి విమానం దూకినప్పుడు వేదవతి "అమ్మో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "మళ్ళీ వెయ్యి," అంది. నీళ్ళు వెచ్చగా ఉంటాయా, ఆ పచ్చ రంగు నిజమేనా, కొండ మీద తిరిగే ఆ పెద్ద తొండలు కరుస్తాయా అని ప్రశ్న మీద ప్రశ్న. అడుగుతున్నంతసేపూ ఆవిడ వయసు కొంచెం కొంచెంగా తగ్గుతున్నట్టనిపించింది రుచితకి.

"ఇంత దూరం పారిపోవడానికి మేమేమైనా దొంగతనం చేశామా?" అంది వేదవతి ఉన్నట్టుండి. "వెళ్తాం. కానీ అందరికీ చెప్పే వెళ్తాం. పెళ్ళికి నువ్వూ రావాలి."

*

పెళ్ళి ఏప్రిల్‌లో, రోటోటూనాలో వాళ్ళ ఇంటి వెనక పెరట్లో జరిగింది. పిలిచినవాళ్ళలో కొందరు రాలేదు. రాజ్యంగారు మాత్రం సున్నుండల డబ్బాతో వచ్చి, "నాకు శుభలేఖ ఇవ్వడానికి ఇన్నాళ్ళా వదినా?" అని అందరి ముందూ దెబ్బలాడారు. కృష్ణారావుగారు రిజిస్టర్‌లో సంతకం పెట్టేటప్పుడు పెన్ను కిందపడేసి, కుర్రాడిలా సిగ్గుపడ్డారు.

మే నెలలో ప్రయాణం రోజున రుచిత టికెట్ల కాగితాలన్నీ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళింది. నిహారిక వాళ్ళిద్దరినీ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళడానికి కారు స్టార్ట్ చేసింది. వేదవతి కారెక్కబోతూ వెనక్కొచ్చి రుచిత తల నిమిరింది.

"మావాడికి వంట రాదు. పొయ్యి మీద ఏదో పెట్టాడు. కాస్త చూడమ్మా," అని వెళ్ళిపోయింది.

పొయ్యి మీద టీ పొంగిపోయింది. ఇద్దరూ చెరో గుడ్డ తీసుకుని స్టవ్ తుడిచారు. కిటికీ అవతల వాన సన్నగా మొదలైంది.

"ఆ రోజు నేను ఊరికే కోప్పడ్డ," అంది రుచిత. "తెల్వక."

"నేనూ ఆ రోజు ఇంటికెళ్ళి అమ్మతో గొడవపడ్డాను."

"ఎందుకు?"

"నీ రహస్యం దాచబోయి నా బతుకు పాడయ్యేలా ఉందమ్మా అని." అభినయ్ గుడ్డ పిండుతూనే ఉన్నాడు. అందులో నీళ్ళెప్పుడో అయిపోయాయి. "ఆ ప్రశ్నలన్నీ ఫోన్లో అడగొచ్చు కదా. ప్రతిసారీ ఎందుకొచ్చాననుకున్నారు?"

రుచిత స్టవ్ మీద లేని మరకని తుడిచింది.

"క్యాన్సిల్ చేయడానికి కూడా ఫోన్ చాలు. అమ్మ నిజంగానే క్యాన్సిల్ చేయాలనుకుంది. కానీ నేను ఎవరి గురించి అంత గొడవపడ్డానో ఆ మనిషిని చూడాలని కూడా బస్సెక్కి వచ్చింది."

రుచిత చేతిలో గుడ్డ ఆగింది. "చూసి ఏమన్నరు?"

"ఇంటికొచ్చి జాకెట్ కూడా విప్పలేదు. 'ఆ పిల్ల ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగుతుందిరా. అలాంటి మనుషులు తక్కువ' అంది."

"మీరేమన్నరు?"

"ముందు నీ పెళ్ళి కానీ, తర్వాత అడుగుతానన్నాను."

"పెళ్ళయి నెల కావస్తుంది."

"ధైర్యం చాల్లేదు."

"ఇప్పుడుందా?"

"లేదు," అన్నాడు. అంటూనే ఆమె వైపు తిరిగాడు. "రుచితా, మీరంటే నాకు చాలా ఇష్టం. మీ ఇంట్లోవాళ్ళతో అమ్మ వచ్చి మాట్లాడతానంది. ముందు మిమ్మల్ని అడగమంది. అడుగుతున్నాను."

వంటిల్లంతా మాడిన పాల వాసన. అతని చొక్కా మీద టీ మరక. ఈసారి జవాబు కోసం రుచిత ఎక్కువసేపు వెతుక్కోనక్కర్లేకపోయింది.

"ఔ," అంది.

అభినయ్ కంగారుపడ్డాడు. "అంటే? సరేననా? లేక 'అవునా' అని అడుగుతున్నారా? మా వైపు అలా అనరండీ, నాకు సరిగ్గా..."

"అమలాపురం సారూ," అంది రుచిత, అతని చేతిలోంచి ఆ ఎండిపోయిన గుడ్డ లాక్కుంటూ. "ఔ అంటే ఔ."