ఊడిపోయే గుండీలు

ఆ ఉదయం కూడా చొక్కా తొడుక్కుంటుంటే గుండీ ఊడి కొడుకు చేతిలోకి వచ్చింది. అవతల ఆఫీసు బస్సు వచ్చే వేళైంది.

"మళ్ళీనా? ఈ ఇస్త్రీ అతను గుండీలన్నీ పీకేస్తున్నాడు," అని విసుక్కున్నాడు.

కోడలు వంటగదిలోంచి తొంగి చూసేలోపే పెద్దాయన సూదీ దారంతో సిద్ధం. జీవితమంతా దర్జీ పని చేసిన చెయ్యి. చిటికెలో గుండీ కుట్టి, "ఇంక ఏనుగు లాగినా ఊడదు," అన్నారు. భార్య పోయాక ఆయన ముఖంలో కళ కనిపించేది ఆ కాసేపే. తర్వాత మళ్ళీ కిటికీ పక్క కుర్చీ, మాటా పలుకూ లేని రోజు. దిగులు జబ్బని డాక్టరు మాత్రలు రాసి, కాస్త విశ్రాంతి తీసుకోమన్నాడు. కొడుకు ఆ "కాస్త"ను గాలికొదిలేసి విశ్రాంతిని మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. కుట్టుమిషన్ని మేడ మీది గదికి చేర్చి గుడ్డ కప్పేశాడు.

ఇంతలో బట్టల మూట కోసం ఇస్త్రీ అతను వచ్చాడు. కొడుకు గుమ్మంలోనే ఆపేశాడు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. ఇంకొకర్ని చూసుకుంటాం."

"నేనేం చేశాను సార్?" అతని ముఖం వాడిపోయింది.

పెద్దాయన కుర్చీలోంచి లేచారు. "అతన్నేమీ అనకు. గుండీల దారాలు సగం కోసి పెడుతున్నది నేను."

"మీరా? ఎందుకు నాన్నా?"

"గుండీ ఊడితేనే కదరా నన్ను పిలుస్తున్నావు. మీ అమ్మ రోజంతా ఏదో ఒక పనికి పిలుస్తూనే ఉండేది. ఇప్పుడు నేనున్నా లేకున్నా ఈ ఇంట్లో ఏ పనీ ఆగదు."

కోడలు కళ్ళు తుడుచుకుంది. "చెప్పొచ్చుగా మామయ్యా, మేమేమైనా పరాయివాళ్ళమా?"

"చెబుదామనే లేస్తానమ్మా. కూర్చోండి అంటారు. కూర్చుంటాను."

ప్రేమ అనుకుని తండ్రిని ఒంటరిని చేశానని కొడుక్కి అప్పటికిగానీ అర్థం కాలేదు. బట్టల మూట తనే తెచ్చి ఇస్త్రీ అతని చేతిలో పెట్టి, "పొరపాటు నాది, ఏమీ అనుకోకు," అన్నాడు.

పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "మాత్రలు మాననురా. కానీ మిషను కిందికి రావాలి. వీధి గదిలో వేసుకుంటాను. ఓపికున్నంతసేపు కుడతాను, లేనప్పుడు వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడతాను. సాయంత్రం అలా నడిచొస్తాను. దిగులు రాదని కాదు. వస్తే దానికి మాత్రం కుర్చీ వెయ్యను."

వీధి చివర బస్సు హారన్ మోగింది. కొడుకు వినిపించుకోకుండా మేడ మెట్లెక్కాడు. వెనకాలే తండ్రి అడుగుల చప్పుడు.

"నీ ఒక్కడి వల్ల కాదు, ఆ చివర నేను పడతాను."

"మీరు కూర్చో..." అనబోయి నాలిక కరుచుకున్నాడు కొడుకు.

"పట్టండి నాన్నా," అన్నాడు.