రికార్డుకీ పియానోకీ పెళ్లి

“పియానో వాయించడం వచ్చా?” అడిగాడు చీఫ్.

“రాదు సార్.”

“మంచిది. ఇది వాయించేది కాదు, తొక్కేది.”

1916. అమెరికాలో నెవార్క్ రేవు పక్కన చిన్న హోటల్లో, పంది మాంసం, చిక్కుడు గింజలు తింటూ సీక్రెట్ ఏజెంట్ ప్రెవిట్‌కి పని అప్పజెప్పాడాయన. ప్లమ్లీ అనే ముసలి మెకానిక్ ఓ యంత్రం చేశాడు. గ్రామఫోన్ రికార్డు పాడుతుంటే, చిల్లుల కాగితం చుట్టతో నడిచే పియానో దానికి తోడు వాయిస్తుంది. రెండూ సరిగ్గా కలిసినచోటల్లా చిన్న దీపం వెలుగుతుంది. దీనికి పెట్టుబడి జర్మన్ గూఢచారి ముఠా నాయకుడు ఫాల్కెన్‌రాట్‌ది. సంగీతమంటే చెవి కోసుకునే రకం కాదతను. మరెందుకు పెట్టాడో కనుక్కోవాలి.

ఆ ముఠాలో మనవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు ప్రెవిట్. తెలిస్తే నీ మొహంలో కనబడిపోతుంది, తిను అన్నాడు చీఫ్.

ప్రెవిట్ దొంగ మీసం అతికించుకుని ప్లమ్లీ దగ్గర చేరాడు. పెడల్ తొక్కుతూ, బొటనవేలి కింది మీటతో వేగం సర్దుతూ దీపం వెలిగించడం పట్టుబడింది. ముసలాయన తెగ మురిసిపోయాడు.

ప్రదర్శన నాటి మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. రికార్డులో పాడిన గాయని ఇర్మా వెస్ట్‌గార్డ్ ఆకుపచ్చ సిల్కు గౌనులో గ్రామఫోన్ పక్కన నిలబడింది. కాసేపు తనూ పాడుతుంది, కాసేపు ఉత్తినే పెదవులు ఆడిస్తుంది. ఏది మనిషి గొంతో, ఏది రికార్డో జనం పోల్చుకోవాలి. అంతకుముందే ఆమె ఫాల్కెన్‌రాట్ చెయ్యి పట్టుకుని లోపలికి రావడం ప్రెవిట్ చూశాడు. ఈవిడా వాళ్ల మనిషే అనుకున్నాడు.

పాట మొదలైంది. ఫాల్కెన్‌రాట్ వచ్చి పక్కనే కుర్చీ వేసుకున్నాడు. అతని చేతికర్ర కొన ప్రెవిట్ పిక్కకి ఆనింది.

“మీసం ఓ పక్క ఊడింది, ఏజెంటు గారూ. ఫర్వాలేదు, తొక్కు. కర్ర చివర విషపు సూది ఉంది.”

నవ్వు మొహంతోనే మిగతాదీ చెప్పాడు. ఆఖరిసారి దీపం వెలిగినప్పుడు, దాని తీగలోంచి కరెంటు రేవులో మందుగుండు పడవ దాకా వెళ్తుంది. రికార్డూ, చుట్టా విడివిడిగా ఎవరు తనిఖీ చేసినా ఏమీ దొరకదు. రెండూ ఒకే క్షణాన కలిస్తేనే పేలుడు. ముఠా అంతా ఇక్కడే, ఇంతమంది కళ్లముందు కూర్చుని ఉంటుంది. ఒక్క దీపం తప్పినా సూది దిగుతుంది. తొక్కేవాడు స్పృహ తప్పాడని తెర వెనక నుంచి ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు.

ఆ పడవకి పెట్టెలు ఎక్కిస్తున్న కూలీల్లో ప్రెవిట్ తమ్ముడు సైలస్ ఉన్నాడు.

తొక్కితే తమ్ముడు పోతాడు. మానేస్తే తనూ పోతాడు, తమ్ముడూ పోతాడు. ప్రెవిట్‌కి ఏడుపొచ్చింది. కాళ్లు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. దీపం వెలిగింది. మళ్లీ వెలిగింది. ప్రతిసారీ జనం చప్పట్లు కొట్టారు.

ఆఖరి చరణం వచ్చింది. ఇర్మా ఉత్తినే పెదవులు ఆడిస్తూ, తన గొంతు తనే వింటున్నట్టు గ్రామఫోన్ మీదికి వంగింది. తిరుగుతున్న రికార్డు అంచు మీద వేలు ఆనించింది.

అంతెత్తున పలుకుతున్న గొంతు, దూడ తప్పిపోయిన గేదె అరుపులోకి దిగిపోయింది. హాలు గొల్లున నవ్వింది. ఇర్మా కళ్లలో నీళ్లు తిరిగాయి, వేలు మాత్రం కదల్లేదు.

“ఆపు,” బుసకొట్టాడు ఫాల్కెన్‌రాట్.

“తొక్కమంది మీరేగా.”

ప్రెవిట్ ఆపలేదు. చుట్ట ఆఖరి చిల్లు దాటిపోయింది. రికార్డు ఇంకా వెనకే ఈడుస్తోంది. దీపం వెలగలేదు.

సూది దిగేలోపే ప్రెవిట్ కాలు కర్రని నేలకేసి తొక్కింది. ముందు వరసలోంచి చీఫ్ లేచాడు, చుట్టూ పదిమంది లేచారు.

ముఠాలో చీఫ్ మనిషి ఇర్మాయే. మర్నాడు పేపరు పట్టుకుని ఆఫీసుకి వచ్చింది. జరిగింది బయట చెప్పకూడదు. ఇక ఏ హాలూ ఆమెని పిలవదు. ప్రెవిట్ లేచి తన కుర్చీ ఆమెకి జరిపాడు.

“నాకు సాధన చాలదట,” అంది ఇర్మా. “నీ గురించీ రాశారు, చదువుకో.”

గాయని ఎంత తడబడినా తాళం తప్పని ఆ పియానో విద్వాంసుడి వేళ్లలో ఏదో మహత్తు ఉందని రాశాడు విమర్శకుడు.

ప్రెవిట్ తన బూట్ల వంక చూసుకున్నాడు.