సంచికి సరిపడే లాప్‌టాప్

ఎలాంటి లాప్‌టాప్ కావాలని అడిగితే టైలరు గారు చంకలోంచి జిప్పున్న ఒక గుడ్డ సంచి తీసి, కౌంటరు మీద పరిచి, ముడతలు పోయేలా అరచేత్తో నిమిరి, అప్పుడన్నాడు.

"ఇందులో పట్టేది."

సేల్స్ కుర్రాడికి షాపులో తోటివాళ్ళు పెట్టిన పేరు వసపిట్ట. ర్యామ్, ప్రాసెసర్ అని అందుకున్నాడంటే కొనేవాడు అలిసిపోయి కార్డు తీసి ఇవ్వాల్సిందే. అంతటివాడికీ ఆ రోజు నాలుక మడత పడింది. సంచిని చూసి కాదు. సంచి వెనకాల నిలబడి, నేల చీలితే అందులోకి దూకేద్దామన్నట్టు కిందికి చూస్తున్న టైలరు గారి అమ్మాయిని చూసి.

సంగతి ఆమే మెల్లగా చెప్పింది. భవనాల డిజైన్లు గీసే పీజీలో సీటొచ్చింది. ఆ కబురు విన్న రోజే నాన్న పక్కింటివాళ్ళ లాప్‌టాప్‌కి టేపు పెట్టి కొలత తీసుకుని సంచి కుట్టేశాడు. తన పనికి పెద్ద స్క్రీన్ కావాలి. పక్కింటివాళ్ళది చిన్నది.

"నాన్న కుట్టింది ఇంతవరకూ ఆల్టరేషన్‌కి వెనక్కి రాలేదు" అంది ఆఖర్న. అందులో గర్వమెంతో దిగులెంతో వసపిట్టకి తేలలేదు. కళ్ళు పెద్దవని మాత్రం తేలింది.

పిల్లలకి చొక్కా తొడిగి చూసినట్టు టైలరు గారు ఒక్కో లాప్‌టాప్‌నీ సంచిలోకి దించాడు. ఒకటి లోపల వదులుగా ఆడింది. భుజాలు జారుతున్నాయని పక్కన పెట్టాడు. ఇంకొకటి సగంలో ఆగింది. దీనికి పొట్ట ఉందన్నాడు. అమ్మాయికి కావలసిన పెద్దది మూల కూడా దూరలేదు. కొలతలిస్తూ నిలకడగా నిలబడని మనిషిని చూసినట్టు దాన్ని చూశాడు.

పోనీ చిన్నదే తీసుకుందాంలే నాన్నా అని అమ్మాయి గొణిగింది. వసపిట్ట మనసు చివుక్కుమంది. పెద్దదాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, గొంతు తగ్గించాడు.

"సంచి తప్పేం లేదండీ. కంపెనీలో కటింగ్ చేసినవాడిదే తప్పు."

"నేనూ అదే అనుకుంటున్నా బాబూ" అన్నాడు టైలరు గారు. "అంచుల దగ్గర చూడు, ఎంత వదిలేశాడో."

అమ్మాయికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

పెద్దదే తీసుకున్నారు. దానికి వేరే సంచి కుడతానని టైలరు గారు మాటిచ్చాడు. పోతూ పోతూ, బిల్లులు కొట్టుకునే వసపిట్ట పాత లాప్‌టాప్ మీద ఆయన కన్ను పడింది. అడక్కుండానే తీసి సంచిలోకి దించాడు. ఒరలోకి కత్తి దిగినట్టు దిగింది. ఆయన ముఖం చాటంత అయింది. ఇక ఇది నీదే బాబూ అని సంచి అక్కడే వదిలేసి వెళ్ళాడు. తలుపు దాటే ముందు అమ్మాయి ఒక్కసారి వెనక్కి చూసింది. బయట అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

ఆ తర్వాత వసపిట్టకి తిండి సయించలేదు. ఆమె మళ్ళీ రావాలంటే లాప్‌టాప్ చెడిపోవాలి. అది చూస్తే పాడయ్యే రకం కాదు. ఆ బెంగలో సంచి తడుముతుంటే లోపలి అంచున టైలరు షాపు లేబులు కనిపించింది. కింద ఫోన్ నంబరు. అమ్మాయే తీస్తుందనుకుని, చెప్పాల్సినవన్నీ అద్దం ముందు వల్లించుకుని, నంబరు నొక్కాడు.

టైలరు గారు ఎత్తాడు.

"మీ సంచి... జిప్పు బిగుసుకుపోయిందండీ" అన్నాడు వసపిట్ట, నోటికొచ్చింది.

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. "ఇప్పుడే పట్టుకురా."

దారి పొడుగునా జిప్పుని పాడుచేయాలని చూశాడు. గుంజాడు, వంచాడు, వానలో తడిపాడు, పళ్ళతో కొరికాడు. అది వెన్న మీద వేలు జారినట్టు జారుతూనే ఉంది.

షాపులో అమ్మాయి ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఇల్లు గీస్తోంది. టైలరు గారు కళ్ళద్దాలు సర్దుకుని జిప్పు తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు. లోపం దొరక్కపోయేసరికి ఆయన ముఖం వాడిపోయింది. తనకి కనిపించని లోపమంటే పెద్దదే అనుకున్నట్టున్నాడు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిది అని తనలో తను అనుకుంటూ, కుట్లు విప్పడానికి బ్లేడు అందుకున్నాడు.

ఇక వసపిట్ట చూడలేకపోయాడు. "విప్పకండి. జిప్పు బాగుంది. అబద్ధం చెప్పాను. మీ అమ్మాయిని చూడాలనిపించింది, ఎలా రావాలో తెలీలేదు."

స్క్రీన్ మీద అమ్మాయి గీస్తున్న గోడ వంకర తిరిగి వీధిలోకి వెళ్ళిపోయింది.

టైలరు గారు బ్లేడు కింద పెట్టాడు. "అయితే జిప్పులో లోపం లేదు."

"లేదండీ."

"ఆల్టరేషన్ కాదు."

"కాదండీ."

ఆయన గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు. మిగతా సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది, కూతురి వంక చూశాడు. ఆమె తన పక్క స్టూలు మీది బట్టల కుప్ప తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కూర్చోండి" అంది వసపిట్టతో. "జిప్పు కొరికారా? పళ్ళ గాట్లు కనిపిస్తున్నాయి."

వాళ్ళ మాటలు తన చెవిన పడకుండా టైలరు గారు మిషను గట్టిగా తొక్కడం మొదలుపెట్టాడు. సూది కింద గుడ్డ లేదన్న సంగతి ఆయన చాలాసేపటి దాకా గమనించలేదు.