కోడలు చెప్పిన జోస్యం

"మీ అమ్మాయి రాదు అత్తయ్యా. ఎదురుచూసి లాభం లేదు."

కుట్టుమిషన్ చక్రం మీద అత్తగారి చెయ్యి ఆగిపోయింది. కోడలి నోటి నుంచి ఏం వస్తుందో తెలిసీ తనే అడిగింది... అడిగి తెచ్చుకున్న దుఃఖాన్ని ఎవరి మీదకు నెట్టగలదు?

అంతా పోయిన ఆదివారం మొదలైంది. చర్చిలో స్త్రీల కూడికలో పాస్టరమ్మ ఒక్కొక్కరి స్వభావాన్ని బట్టి దేవుడిచ్చిన వరమేదో చెప్పింది. అత్తగారిది కరుణించే వరం. ఎవరి తప్పయినా కడుపులో దాచుకునే మనిషి. కోడలిది ప్రవచన వరం. అంతే! మర్నాటి నుంచి గుమ్మం ముందు జనం.

"మావాడికి ఉద్యోగం ఎప్పుడొస్తుందమ్మా?" అంది పక్కింటావిడ.

"పొద్దెక్కేదాకా పడుకుంటే ఎలా వస్తుంది పిన్నిగారూ? ముందు లేపండి."

"ఈ రంగు గౌను నాకు కలిసొస్తుందా?" అంది ఇంకో అమ్మాయి.

"కలిసొచ్చే సంగతి తెలీదు. నప్పలేదు మాత్రం."

"నీ కోడలుండగా ఇంట్లో అద్దం దండగమ్మా, అమ్మేద్దాం" అని కొడుకు ఒకటే నవ్వు.

కుట్టిన కర్టెన్లు తీసుకెళ్ళడానికొచ్చిన పాస్టరమ్మ తల పట్టుకుంది. "ప్రవచనమంటే జాతకం కాదర్రా. ఉన్నది ఉన్నట్టు చూడటం, చూసింది దాచుకోలేకపోవడం. ఇలాంటివాళ్ళు ఎదుటివాళ్ళని ఎంత నిలదీస్తారో, తమని అంతకు రెట్టింపు నిలదీసుకుంటారు. అందులో ప్రేమ కలవకపోతే మాత్రం వట్టి కారమే."

అయినా తల్లి ఆశ చావదు కదా... ఆమె వెళ్ళగానే "మా అమ్మాయి ఎప్పుడొస్తుందే?" అని అత్తగారు అడిగేసింది. వచ్చిన జవాబు, రాదని.

"ఎందుకు రాదే?"

"రెండేళ్ళ క్రితం మొగుడితో వేగలేక సంచి పట్టుకుని వస్తే, లోపల చుట్టాలున్నారని గడప దగ్గరే 'సర్దుకుపో తల్లీ' అని పంపేశారు. గ్లాసుడు నీళ్ళయినా ఇవ్వలేదు. ఇప్పుడు వేరే గది తీసుకుని లాండ్రీలో పనిచేసుకుంటోంది. తీరిక లేక రావట్లేదని మీరు అందరితో చెబుతున్నారు. తీరిక లేక కాదు అత్తయ్యా, మనసు విరిగి."

ఎంత మాట! అత్తగారు కోపంగా తలెత్తింది. కోడలి చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

"నేను తలుపు వెనకే ఉన్నాను. అందరికీ ముఖం మీదే చెప్పేదాన్ని, ఆ ఒక్కరోజు నోరు మూసుకున్నాను. కొత్త కోడలిని, నాకెందుకులే అనుకున్నాను. మీకంటే నాదే పెద్ద తప్పు..."

అత్తగారి కోపం కరిగి నీరైంది. కోడలి తలను ఒళ్ళోకి లాక్కుని, సగం కుట్టిన దిండు గలీబుతో కళ్ళు తుడిచింది. "పిచ్చిదానా, నువ్వేం చేయగలవు అప్పుడు?"

"అదిగో, మళ్ళీ కప్పిపుచ్చుతున్నారు."

ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది.

మర్నాడే బయల్దేరారు. బస్సులో అత్తగారు ఒకే మాట వల్లె వేసుకుంది. 'ఇటువైపు పనుండి వచ్చాం.' లాండ్రీ గుమ్మం బయట ఎండలో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. ఆవిరి మధ్య తెల్ల దుప్పట్లు మడతపెడుతున్న కూతురు చిక్కిపోయి కనిపించింది.

"ఏంటమ్మా, దారి తప్పావా?"

"ఇటువైపు పనుండి..."

కోడలు చిన్నగా దగ్గింది.

"కాదు తల్లీ... నీకోసమే వచ్చాను. చుట్టాల్లో పరువు పోతుందని నిన్ను గడప దాటనివ్వలేదు. తప్పు నాదే."

కూతురు చేతిలోని దుప్పటి మడతపెట్టి, బయటికి వెళ్ళింది. కాసేపటికి నీళ్ళ గ్లాసుతో వచ్చి తల్లి చేతికిచ్చింది.

"ఎండన పడి వచ్చావు, ముందు తాగు" అని మళ్ళీ పనిలో పడింది.

తల్లి గ్లాసు ఖాళీ చేసింది. కోడలి చెవిలో మెల్లగా అడిగింది. "ఇంటికొస్తుందంటావా?"

"జరగబోయేది నాకేం తెలుసు అత్తయ్యా? ఉన్నది చెప్తాను." కోడలు గుమ్మం వైపు చూపించింది. "మీ చెప్పులు నీడలోకి జరిపి వచ్చింది."