పదకొండుకు పడిపోతుంది

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల క్రిప్టో ఎక్స్ఛేంజి సెక్యూరిటీ ఇంజినీరు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నుదుట ఒక బుల్లెట్టు, గొంతులో ఒకటి. టై కొసనుంచి నెత్తురు ఇంకా కారుతోంది. టైము సరిగ్గా పది.

తొమ్మిదింటికే ఒక ఆన్‌లైన్ ఫోరంలో ‘ఎలుగు’ పేరుతో ఎవడో రాశాడు: "ఎక్కింది చాలు. పదింటికి పడిపోతాడు." క్రిప్టో కాయిన్ ధర కూలిపోతుందని రోజూ శాపనార్థాలు పెట్టే ఫోరం అది. భాష రాని వెధవ అనుకుని అందరూ నవ్వుకున్నారు. ఏజెంట్ మేకు మాత్రం నవ్వలేదు. దిగితే ఊడడు కాబట్టి అతనికా పేరు. కాయిన్ పడిపోతుంది గానీ పడిపోతాడా? అది జోస్యం కాదు, హత్యకు ఆర్డరు.

కేసు అతనికే అప్పగించింది చీఫ్. ఆఫీసులో చీఫ్, ఇంట్లో సొంత అక్క. ఆ సంగతి మూడో కంటికి తెలియదు. ఎక్స్ఛేంజిని తెరిచే రహస్య కోడ్ తెలిసినవాళ్లను విదేశీ ముఠా ఒక్కొక్కర్నీ లేపేస్తోంది. ఆ కోడ్ తెలిసినవాళ్లలో ఇక మిగిలింది చీఫే.

మర్నాడు పదిన్నరకు ఎలుగు మళ్లీ రాశాడు: "మూడో సపోర్ట్ దగ్గర, పదకొండుకు పడిపోతుంది."

ముఠాలో ఉంటూ చీఫ్ కోసం గూఢచారిగా పనిచేసే అందగత్తె, ముత్యాల కమ్మలావిడ, ఫోన్ చేసింది. "ఈసారి వ్యాకరణం సరిగ్గానే ఉందిగా. ఇది నిజంగా కాయినే. సపోర్ట్ అంటే ధర పడకుండా ఆగే మెట్టు. ఎలుగు అడ్రస్ పంపుతున్నా, వెళ్లి పట్టుకో."

అడ్రస్ పక్కవీధిలోనే. తలుపు తోయగానే ముగ్గురు మీదపడ్డారు. మేకు మొదటివాడి మోకాలు విరిచాడు, రెండోవాడి మెడకు కీబోర్డు వైరు బిగించాడు. మూడోవాడి తలను మానిటర్లోకి దించాడు. వాడు గాజు పెంకులు ఉమ్ముతూ నవ్వాడు.

"నువ్విక్కడున్నావంటే అక్కడ ఆవిడ ఒంటరిదేగా."

ఆవిడ. మేకు ఎలుగు రాసింది మళ్లీ గుర్తుచేసుకున్నాడు. మగవాడైతే పడిపోతాడు. కాయినైనా ఆడదైనా పడిపోతుంది. మూడో సపోర్ట్ అంటే ఆఫీసులో మూడో అంతస్తు, అక్క గది. పదకొండుకు ఇంకా ఆరు నిమిషాలుంది.

చచ్చేంత భయంతో ఆఫీసుకు పరుగెత్తాడు. మెట్లన్నీ ఎక్కి తలుపు తన్నేసరికి కమ్మలావిడ లిప్‌స్టిక్ మూత తీసి చీఫ్ వైపు గురిపెట్టింది. అది పెదాలకు వేసుకునేది కాదు.

"అక్కా, వంగు!"

ఆఫీసులో ఆ పిలుపు వినగానే చీఫ్ వంగింది. ఎవర్ని పిలిచాడోనని కమ్మలావిడ అరక్షణం తడబడింది. ఆమె తూటా కుర్చీ వీపును చీల్చింది. మేకు తూటాలు రెండూ ఆమె ఛాతీలో దిగాయి. ముత్యాలు నేలమీద దొర్లాయి. గడియారం పదకొండు కొట్టింది.

చీఫ్ లేచి, ఫైలు మీది నెత్తురు తుడిచింది. తమ్ముణ్ని కూర్చోమంది. ఆఫీసులో మేడమ్ అనాలని గుర్తుచేసింది. తర్వాత కింద పడున్న మనిషిని చూసింది.

"పాపం, ఎలుగు జోస్యం తప్పలేదురా. పదకొండుకు పడిపోయింది."